పెట్రోలు వాసన వేసిన నుయ్యి

భూగర్భ జలాల ఆఫీసుకు వచ్చే రైతులు మామూలుగా సీసాలో నీళ్లు పట్టుకొని వస్తారు. ఆ రైతు మాత్రం బెల్లం దిమ్మ పట్టుకొని వచ్చాడు. గోనెగుడ్డ విప్పి దాన్ని నా బల్ల మీద, ఫైళ్ల పక్కన పెట్టాడు.

"వాసన సూడండమ్మా" అన్నాడు.

నేను అనకాపల్లిలో పుట్టి పెరిగినదాన్ని. బెల్లం వాసన ఇక్కడ గాలిలోనే ఉంటుంది, మాకది తెలియను కూడా తెలియదు. దిమ్మను ముక్కు దగ్గర పెట్టుకున్నాక కాసేపు ఏమీ తేడా అనిపించలేదు. ఆ తర్వాత తీపి వెనక నుంచి సన్నగా ఇంకేదో తగిలింది. బంకులో స్కూటరు ఆపి మూత తీసినప్పుడు వచ్చే వాసన.

"కాగబెట్టిన పాకంలో ఇది నిలవదే" అన్నాను.

"పాకంలో కాదమ్మా. దిమ్మలు పోసే అచ్చులు మా నూతి నీళ్లతోనే కడుగుతాం. తడిగుడ్డలూ ఆ నీళ్లే. మార్కెట్లో నా సరుకు ముట్టుకోనన్నారు."

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మీరు, అనుభవాలేమైనా చెప్పండి మేడమ్ అని అడిగినప్పుడల్లా నేను రోలుగుంట వైపు కొండల కింద బోర్లు వేయించిన సంగతులు చెప్పి తప్పించుకునేదాన్ని. అవి నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. అయినా మీ చేతికి ఏదో ఒకరోజు ఇలాంటి నుయ్యి వస్తుంది కాబట్టి చెబుతున్నాను.

"నూతిలోకి పెట్రోలు ఎలా వచ్చిందనుకుంటున్నావు?" అని ఆ రైతునడిగాను.

అతను నేల చూపులు చూశాడు. "ఎలగొత్తాదమ్మా? పోసీసేరు."

"ఎవరు?"

"మా తమ్ముడే."

అతనిది మునగపాక వెళ్లే దారిలో ఒక ఊరు. అన్నదమ్ములిద్దరే. అక్కచెల్లెళ్లనిద్దరినీ చేసుకున్నారు. అన్నకు అక్క, తమ్ముడికి చెల్లెలు. రోడ్డు పక్కనుంచి లోపలికి అన్న చెరకు మడి, దాని వెనక తమ్ముడి మడి. ఇళ్లూ ఆ మడుల్లోనే, ఎవరి ఇంటి పక్కన వారి నుయ్యి. మధ్య గట్టు మీది తాటిచెట్లు ఎవరివన్న దగ్గర మాట పెరిగి, రెండిళ్ల మధ్య పిట్టగోడ లేచింది. మగవాళ్ల తగువుకి ఆడవాళ్లు కూడా మాటలు మానేశారు. తమ్ముడికి పొలం తక్కువ. అందుకని ఊరి బయట రోడ్డు మీదున్న పెట్రోలు బంకులో పనికి కుదిరాడు. ఆ బంకులో కొంతకాలంగా సరుకు తగ్గుతోందట. ట్యాంకులో ఉండాల్సినంత ఉండటం లేదు. ఈ తమ్ముడి డ్యూటీలోనే ఎక్కువగా తగ్గుతోందని మేనేజరు అతన్ని పనిలోంచి తీసేశాడు. తీసేసిన కొన్నాళ్లకే అన్న నూతిలో వాసన మొదలైంది.

ఇంతకంటే రుజువేం కావాలన్నట్టు నా వైపు చూశాడు. "అదీగాక, ఆడి నుయ్యి శుభ్రంగానే ఉందమ్మా. ఒకటే నేల, ఒకటే గట్టు. మా నూతికే ఎందుకొత్తాది?"

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు ఆరోజు నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు నేనూ, మా ఫీల్డ్ అసిస్టెంటూ వెళ్లాం. అసిస్టెంటుది ఏటికొప్పాక. లక్క బొమ్మలు చేసే ఇంట్లో పుట్టినా సర్కారు జీతం కోసం మా శాఖలోకి వచ్చానని తనమీద తనే వేళాకోళం చేసుకునేవాడు. ఏ ఊరెళ్లినా గంటలో సగం ఊరిని బావా, మామా అని పిలిచేసేవాడు. ఆ నూతి దగ్గరికి వెళ్లగానే మాత్రం అతని నవ్వు పోయింది. చుట్టూ చేరిన మగవాళ్లను చూసి, "మామా, ఆ బీడీ పారేయ్. అక్కడ కాదు, దూరంగా ఎల్లి ఆర్పు" అన్నాడు.

లోతైన నుయ్యి. లోపల ఇటుక కట్టడం, సగం దిగాక మనిషి నిలబడేంత అరుగు. తొంగి చూస్తే అడుగున నీళ్ల మీద నెమలి రంగులు తిరుగుతున్నాయి. ఆ రంగులు చూసి ఊళ్లో పిల్లలు మొదట్లో సంబరపడ్డారని ఎవరో చెప్పారు.

నమూనా తీస్తుంటే అన్న భార్య వచ్చి నిలబడింది. చేతుల నిండా దద్దుర్లు. "తెలక నాలుగు రోజులు ఇయ్యే తాగేం మేడమ్. పిల్లలకి వాంతులు. సొంత మరిదని సూసుకున్నాం" అంది. ఆ మాట గోడ అవతలికి వినపడాలనే అన్నదని నాకు తెలుసు. గోడ అవతల నుంచి జవాబు కూడా అలాగే ఆకాశాన్ని చూసి వచ్చింది.

"ఇంట్లో బండికి పొయ్యడానికే పెట్రోలు లేదు. ఒకరి నూతుల్లో పొయ్యడానికి మాకెక్కడిదంట?"

గోడ దాటి వెళ్లి తమ్ముడితోనూ మాట్లాడాను. సన్నటి మనిషి, నెమ్మది. నా కోసం ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు. కోపం లేదు గానీ అలసట ఉంది.

"బంకులోనేమో పెట్రోలు దొబ్బేసేనని తీసేసేరు. ఇక్కడేమో నూతిలో పోసీసేనంటన్నారు. నాను దొంగనే అనుకోండి మేడమ్. దొంగతనం సేసినోడు అమ్ముకుంటాడు గానీ, అన్న నూతిలో పోత్తాడా?"

మా అసిస్టెంటు నా ముఖం చూశాడు. దారిలో జీపులో అన్నాడు, "ఆ మాటకి పోలీసోళ్లేటి సెప్తారో గానీ, నాకైతే జవాబు దొరకలేదు మేడమ్."

లేబరేటరీ నుంచి రిపోర్టు వచ్చింది. పెట్రోలే. నుయ్యి పూర్తిగా తోడించి కొన్నాళ్లాగి మళ్లీ నమూనా తీస్తే, ఈసారి ఇంకా ఎక్కువుంది. ఎవరైనా డబ్బాతో తెచ్చి పోస్తే రోజురోజుకీ తగ్గాలి. ఇది పెరుగుతోంది. అంటే నేలలోంచి ఊరుతోంది. ఈ మాటే పోలీసు స్టేషనుకు వెళ్లి చెప్పాను, అప్పటికే అన్న అక్కడ ఫిర్యాదు ఇచ్చి ఉన్నాడు కాబట్టి. ఎస్సై మర్యాదగానే విన్నాడు. "రోజూ పోస్తున్నాడేమో మేడమ్" అన్నాడు. తమ్ముణ్ని రెండు రోజులకోసారి స్టేషనుకు పిలిపించి బయట బెంచీ మీద కూర్చోబెట్టేవారు. కొట్టలేదు, తిట్టలేదు. ఊరంతా ఆ దారినే టౌనుకి వెళ్తుంది, అందరూ చూస్తారు. అది చాలు కదా.

నేలలోంచి ఊరుతోందంటే బంకునే అనుమానించాలి. మా పై అధికారి ఒప్పుకొని బంకుకు కాగితం పంపారు. బంకు తరఫున పరీక్ష చేసేవాళ్లు వచ్చి, అమ్మకాలు ఆపి, ట్యాంకులో మట్టం కొలిచి, మర్నాడు మళ్లీ కొలిచారు. చుక్క తగ్గలేదు. ట్యాంకులో లీకు లేదని రాసిచ్చారు. దానికి తోడు ఆ బంకు రోడ్డు పక్కన పల్లంలో ఉంది, రైతు నుయ్యి దానికంటే ఎత్తు నేలలో. "నీళ్లు ఎగువకు పారవు కదమ్మా" అన్నారు మా అధికారి. ఆయన చెడ్డవారు కాదు, పనిమంతులు. నేల మీద నీటికి ఆ మాట వర్తిస్తుంది. నేల కింద నీరు మాత్రం ఎవరు గట్టిగా లాగితే అటు వెళ్తుంది. నేనా సంగతి చెప్పాను. ఆయన కూడా తెలిసినవారే కాబట్టి కాదనలేదు. "ట్యాంకే బాగున్నప్పుడు అటు పారినా ఇటు పారినా ఒకటే కదా" అన్నారు. అప్పటికి అది కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. నాలుగు రంధ్రాలు వేసి మట్టి చూసుకోవడానికి అనుమతి మాత్రం తీసుకున్నాను. రైతుకు మాత్రం ఆఫీసు నుంచి మామూలుగా ఇచ్చే సలహానే వెళ్లింది. నుయ్యి పూర్తిగా తోడించి, పూడిక తీయించి, కొత్త నీరు ఊరనివ్వమని.

ఎండలు ముదిరాక ఒక ఉదయం మేం ఆ పొలం గట్టునే ఉన్నాం. మా అసిస్టెంటు ఆగరుతో, అంటే చేత్తో తిప్పి నేలలోకి రంధ్రం వేసే పొడవాటి ఇనుప బరమాతో, మట్టి తీస్తున్నాడు. నేను ఆ మట్టిని వాసన చూసి సంచుల్లో వేస్తున్నాను. నూతి నుంచి బంకు వైపుగా వెళ్తున్నకొద్దీ వాసన ఘాటెక్కుతోంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అప్పుడే నూతి వైపు నుంచి కేకలు వినిపించాయి.

పరుగున వెళ్లేసరికి అక్కడ అన్న, తమ్ముడు ఒకరి మెడ ఒకరు పట్టుకొని ఉన్నారు. సంగతి తర్వాత తెలిసింది. మా ఆఫీసు సలహా ప్రకారం అన్న ఆరోజు పూడిక తీయించడానికి కొండల వైపు నుంచి ఇద్దరు నూతి పనివాళ్లను పిలిపించాడు. ముందురోజే కరెంటు మోటారుతో నీరు అడుగంటా తోడేశాడు. మిగిలిన బురదనీళ్ల కోసం డీజిల్ ఇంజను తెచ్చి నూతిలోపలి అరుగు మీదికి దించారు. దాన్ని స్టార్ట్ చేయడానికి అన్న లోపలికి దిగబోతుంటే తమ్ముడు గోడ మీంచి చూసి, దూకి వచ్చి, ఇంజను తిప్పే హ్యాండిలు లాక్కొని చెరకులోకి విసిరేశాడు.

అన్న ఊగిపోతున్నాడు. "నుయ్యి కడిగేత్తే నీ యవ్వారం బయటపడతాదని భయమేట్రా?"

"అన్నా, సెప్పేది ఇనుకో. అందులో ఉన్నది గాలి కాదు. అగ్గిపుల్ల గీసినట్టే. ఇంజను తిరిగిందంటే నువ్వూ ఉండవు, నానూ ఉండను, ఆ లోనున్నోడూ..."

అక్కడికి వచ్చి అతని మాట ఆగిపోయింది. ఎందుకంటే అప్పుడే అందరికీ గుర్తొచ్చింది. ఇద్దరు పనివాళ్లలో ఒకడు అప్పటికే బుట్టా పారా తీసుకొని అడుగుకు దిగిపోయాడు. వీళ్లు కొట్టుకుంటున్నంతసేపూ లోపల నుంచి ఏ చప్పుడూ లేదు.

పైనున్న రెండో పనివాడు అతన్ని పేరుపెట్టి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. నూతిలోంచి ఆ పిలుపే తిరిగి వచ్చింది.

నేను తొంగిచూశాను. అడుగున బురదలో మనిషి పక్కకి ఒరిగి కూర్చొని ఉన్నాడు, నిద్రపోతున్నవాడిలా. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. నుయ్యిలాంటి చోట అడుగునే పేరుకుంటుంది. నాలుగుసార్లు పీలిస్తేనే మత్తు కమ్ముతుంది. కాసేపుంటే ఊపిరి నిలిచిపోతుంది. నీళ్లు ఉన్నంతకాలం ఎవరూ అంత కిందికి దిగలేదు. తోడేశాకే ఆ గొయ్యి తయారైంది.

మా అసిస్టెంటు ఫైర్ స్టేషనుకు, అంబులెన్సుకు ఫోను చేశాడు. నేను అందర్నీ వెనక్కి తోశాను. తమ్ముడు మాత్రం అప్పటికే తాడు నడుముకు చుట్టుకుంటున్నాడు.

"దిగొద్దు" అన్నాను. "ఫైరువాళ్లు వస్తున్నారు. వాళ్ల దగ్గర గాలి సిలిండర్లుంటాయి. నువ్వు దిగితే నువ్వూ పడిపోతావు."

"అందాకా ఆడుంటాడా మేడమ్?"

అతను నా ముఖం చూసి తెలుసుకున్నాడు.

తాడు రెండో కొస పట్టుకోవడానికి రెండో పనివాడు వచ్చాడు. అన్న వచ్చి ఆ కొస లాక్కొని తన నడుముకు ఒక చుట్టు చుట్టుకున్నాడు. అరచేతుల్లో బిగించి, నూతి ఒరకి కాలు తన్ని నిలబడ్డాడు. కొన్ని క్షణాల క్రితం ఏ మెడ పట్టుకున్నాడో ఆ మనిషి బరువు ఇప్పుడతని చేతుల్లో ఉంది.

దిగబోతూ తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడు. "తాడు వొగ్గీకు" అన్నాడు.

"నువ్వెల్లు" అన్నాడు అన్న.

ఇద్దరూ అంతే మాట్లాడుకున్నారు.

తమ్ముడు చాలా తొందరగా దిగాడు, ఊపిరి బిగబట్టి. బుట్ట తాడును ఆ పనివాడి చంకల కింద నుంచి తిప్పి ముడి వేశాడు. ఆ ముడి వేయడానికి రెండు చేతులూ కావాలి, కాస్త సమయం కావాలి, ఊపిరి అంతసేపు ఆగదు. నేను పై నుంచి చూస్తుండగానే అతని భుజాలు ఒక్కసారి పైకి లేచి పడ్డాయి. పీల్చేశాడన్నమాట. అయినా ముడి బిగించి, చెయ్యి ఊపాడు. పైన ఉన్నవాళ్లంతా కలిసి పనివాణ్ని లాగారు. సగం వచ్చాక కింద తమ్ముడు గోడకు వీపు ఆనించి నెమ్మదిగా జారిపోవడం కనిపించింది.

"లాగండి" అని అరిచాను. అన్నకు నేను చెప్పక్కర్లేదు. తాడు బిగుసుకున్నప్పుడే అతనికి తెలిసింది. స్పృహలేని మనిషి బరువు వేరుగా ఉంటుందని తర్వాత ఒకసారి నాతో అన్నాడు. అందరూ వచ్చి సాయం పట్టారు గానీ, ముందు చేతులు అతనివే. పైకి వచ్చేసరికి ఆ తాడంతా రక్తం.

పనివాడు అంబులెన్సులోనే కళ్లు తెరిచాడు. మూడో నాడు ఇంటికి వెళ్లిపోయాడు. తమ్ముణ్ని విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అతను కళ్లు తెరవలేదు. కొన్నాళ్లు మిషను మీద ఉంచి, చివరికి ఇంటికి తీసుకెళ్లమన్నారు. తీసుకెళ్లింది మనిషిని కాదు. ఆ కొన్నాళ్లూ అన్న ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడట, రెండు చేతులకీ కట్లతో. మరదలు లోపల, బావ బయట. ఆవిడ ఒక్కసారి కూడా అతనితో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే కాదు, అతను తెప్పించిన టీ కూడా ముట్టుకోలేదని మా అసిస్టెంటు చెప్పాడు.

మనిషి పోయాక అనుమతులు తొందరగా వస్తాయి. ఈ ఉద్యోగంలో మీరు కూడా చూస్తారు. వారం తిరగకుండా నాకు కావలసిన మనుషులూ, మిషన్లూ వచ్చేశాయి. మా అధికారి స్వయంగా ఎండలో నిలబడి ఆగరు రంధ్రాలు వేయించారు. వాసన ఘాటు పట్టుకొని వెళ్తే, రైతు పొలం దాటి, రోడ్డు దాటి, బంకు ఆవరణలో వెనక వైపు, టైర్లకు గాలి పెట్టే చోటికి చేరాం. బంకు ట్యాంకు అక్కడ లేదు. అది ముందు వైపుంది. ఇక్కడ సిమెంటు పలక మాత్రమే ఉంది.

మళ్లీ పరీక్ష చేయించాం. ఈసారి నేను ఒకే ఒక్క షరతు పెట్టాను, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు చేయాలని. మొదటిసారి చేసినప్పుడు ట్యాంకు సగం కూడా లేదు. లారీ వచ్చి నింపి వెళ్లాక మట్టం కొలిచి, పంపులకు తాళం వేసి, కాపలా పెట్టాం. మర్నాటికి మట్టం దిగింది. ఆ తర్వాతి రోజు ఇంకా దిగింది. ఒక ఎత్తుకు వచ్చాక ఆగిపోయింది. ఇక ఎన్నాళ్లు చూసినా తగ్గలేదు.

తవ్వితే తెలిసింది. సిమెంటు పలక కింద పాత ట్యాంకు ఉంది. చాలా ఏళ్ల క్రితం కొత్తది వేసినప్పుడు దాన్ని తీసేయకుండా మట్టి కప్పేశారు. రెండింటినీ కలిపే గొట్టానికి బిరడా బిగించడం ఎవరో మరిచిపోయారు. కొత్త ట్యాంకు నిండా పోసినప్పుడల్లా ఆ గొట్టం ఎత్తు దాటిన పెట్రోలు పాతదానిలోకి జారేది. పాతదాని అడుగు తుప్పు పట్టి జల్లెడైపోయింది. అక్కడి నుంచి నేలలోకి. మట్టం గొట్టం కంటే దిగువకు వచ్చాక అంతా సవ్యంగానే కనిపించేది. మొదటి పరీక్షవాళ్లు అబద్ధం రాయలేదు. సగం ట్యాంకును పరీక్షించి సగం నిజం రాశారు.

క్రేను పాత ట్యాంకును పైకి లేపుతుంటే బంకు మేనేజరు నా పక్కనే నిలబడ్డాడు. తమ్ముణ్ని పనిలోంచి తీసేసినవాడు ఇతనే. ట్యాంకు అడుగు రేకు ఎండకు ఎదురుగా తిరిగేసరికి కన్నాల్లోంచి వెలుతురు కనిపించింది. అతను దాన్ని చాలాసేపు చూశాడు.

"మేడమ్, అయితే మా సరుకు తగ్గింది కూడా..." అని ఆగిపోయాడు.

"అవును" అన్నాను.

"లోడు వచ్చిన రోజు అతనికే డ్యూటీ వేసేవాణ్నండీ. జాగ్రత్త మనిషని."

ఆ మాట విని నేను అక్కడి నుంచి పక్కకు వెళ్లిపోయాను. దొంగ అన్నందుకూ, విషం పోశాడన్నందుకూ మూలం ఒకటే. ఆ తుప్పు కన్నాలు. బంకులో పోయిన పెట్రోలే నూతిలో తేలింది.

రిపోర్టు ఇంగ్లీషులో రాశాను. అది పోలీసులకూ, కలెక్టరాఫీసుకూ వెళ్లింది. తమ్ముడి మీద ఫిర్యాదు మూసేశారు. కాగితం కంటే ముందు ఆ రెండిళ్లకూ నోటితో చెప్పడం నా బాధ్యత అనిపించి వెళ్లాను. మొదట తమ్ముడి ఇంటికి. ఆ అమ్మాయి గుమ్మంలో కూర్చొని అంతా వింది. "తాను పొయ్యలేదని ఆయనకి తెలుసు మేడమ్. మీకే తెల్దు" అంది.

అన్న పొలంలో ఉన్నాడు. నూతి ఒర మీద కూర్చోవడానికి వీల్లేదు, చుట్టూ కంచె వేయించాం. కంచె పక్కన నేల మీద కూర్చున్నాడు. అరచేతుల్లో కొత్త చర్మం ఇంకా ఎర్రగానే ఉంది. బంకు సంగతి చెప్పాను. తల ఊపాడు. ఆఫీసులో మొదటిరోజు అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగాడు.

"మా నూతికే ఎందుకొచ్చిందమ్మా? ఆడి నూతికి ఎందుకు రాలేదు?"

ఇప్పుడు నా దగ్గర జవాబుంది. ఉండకపోతే బాగుండుననిపించింది. కానీ అడిగినవాడికి చెప్పాలి.

"నీ మోటారు పెద్దది. చెరకుకి రోజంతా ఆడించావు. నేల కింద నీళ్లన్నీ నీ నూతి వైపు లాగేసింది. నీళ్లతో పాటు అదీ వచ్చింది. వాసన పోవాలని నువ్వు తోడినకొద్దీ ఇంకా లాగింది. వచ్చినదంతా నీ నుయ్యే తాగేసింది కాబట్టి వెనకున్న వాళ్ల నూతి దాకా వెళ్లలేదు."

"అంటే నాను లాక్కున్నాను."

"నీకు తెలిసి కాదు."

అతను ఆ మాట పట్టించుకోలేదు. ఇంకేదో లెక్క వేసుకుంటున్నాడు. "ఇప్పుడు మోటరు ఆపేసేరు కదా. మరి ఇప్పుడది ఎటెల్తాది?"

మా అధికారికీ నాకూ వారం రోజులుగా నిద్ర పట్టనివ్వని ప్రశ్న అదే. ట్యాంకు తీసేసినా నేలలో దిగినది నేలలోనే ఉంది. అన్న మోటారు ఆగిపోతే, తమ్ముడి మోటారు చిన్నదైనా అదే లాగడం మొదలుపెడుతుంది.

"వాళ్ల నూతిలోకి" అన్నాను.

"మరాపడమెందుకు?" అన్నాడు. లేచి నిలబడ్డాడు. "ఆడించండి నా నుయ్యిని. ఎన్నాళ్లయితే అన్నాళ్లు. నా చెరకు ఎండితే ఎండనీండి."

మేం చేయాలనుకున్న పని కూడా అదే. అతన్ని ఒప్పించడం ఎలాగా అనుకుంటూ వచ్చాను, అతనే అడిగాడు. బంకు తరఫు ఖర్చుతో నిప్పురవ్వ పుట్టని రకం మోటారు బిగించారు. తోడిన నీటిలోంచి పెట్రోలు వేరుచేసే తొట్లు పెట్టారు. వేరుపడిన పెట్రోలును డ్రమ్ముల్లో తీసుకెళ్లేవారు, నీటిని మళ్లీ శుద్ధి చేసేవారు. దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. మోటారు ఆగకుండా, తొట్లు పొంగకుండా, ఎవడూ బీడీతో దగ్గరికి రాకుండా. ఆ పని అన్న తీసుకున్నాడు. ఆ మడిలో చెరకు వేయడం మానేశాడు. పొద్దున్నే వచ్చి తాటాకుల నీడలో కూర్చొనేవాడు. కరెంటు పోతే మాకు ఫోను చేసేవాడు, మేం ఎత్తేదాకా చేస్తూనే ఉండేవాడు. మా అసిస్టెంటు విసుక్కోకుండా మాట్లాడేవాడు, "వత్తాది మామా, కంగారు పడకు, గంటకే ఏటీ అవ్వదు" అని.

మా పై అధికారి ఆ తర్వాత చాలాకాలం పనిచేయలేదు. రిటైరయ్యేలోపు ఏ రైతుకూ నుయ్యి తోడించేయమని సలహా రాయలేదు. ముందు గాలి పరీక్ష, తర్వాతే మనిషి దిగడం. ఆ మాట ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న నియమాల్లో ఒక వాక్యంగా ఉంది. ఆ వాక్యం చదివినప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియాలనే ఇదంతా చెబుతున్నాను.

నేను ప్రతి నెలా వెళ్లి రెండు నూతుల నీళ్లూ తీసుకొచ్చేదాన్ని. అన్న నూతిలో వాసన తగ్గుతూ వచ్చింది గానీ, నా ఉద్యోగం అయ్యేదాకా పోలేదు. తమ్ముడి నుయ్యి చెడలేదు. ప్రతిసారీ ఆ రిపోర్టు నేనే తీసుకెళ్లి ఆ అమ్మాయికి చదివి వినిపించేదాన్ని. తాగొచ్చు అని. ఆమె తల ఊపేది. గోడ అలాగే ఉంది. అన్న ఇంటికి నీళ్లు ట్యాంకరులో వచ్చేవి. అవి రాని రోజుల్లో అక్క ఊరి చివర కుళాయి దాకా నడిచి వెళ్లేది. పక్కనే ఉన్న చెల్లెలి నూతికి మాత్రం వెళ్లేది కాదు. వెళ్లడానికి ముఖం చెల్లలేదు.

మరుసటి వేసవిలో ఒకరోజు నేను చెల్లెలి నూతి దగ్గర నమూనా తీసుకుంటుండగా అక్క ఖాళీ బిందెతో గోడ చుట్టూ తిరిగి వచ్చింది. ఆరోజు ట్యాంకరు రాలేదు, కుళాయి కూడా రాలేదు. పిల్లాడికి జ్వరమని మా అసిస్టెంటుతో అంతకుముందే చెప్పింది. వచ్చింది గానీ నూతి దాకా రాలేదు. తులసికోట దగ్గర నిలబడిపోయింది, బిందె నడుముకు ఆనించుకొని.

చెల్లెలు నీళ్లు తోడుతోంది. అక్కను చూసింది. చేద పైకి లాగి పోసుకుంది. తన బిందె నిండింది. చేదను మళ్లీ నూతిలోకి వేసింది. అది నీళ్లను తాకిన చప్పుడు మా అందరికీ వినిపించింది.

"అక్కడెందుకు నిలబడ్డావు, ఇలగియ్యి" అంది.

అక్క వచ్చి బిందె దించింది. చెల్లెలు పోస్తుంటే అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. నేను సీసాకు మూత పెట్టే పని చాలా నెమ్మదిగా చేశాను. బిందె నిండాక అక్క వంగి ఎత్తుకోబోయింది.

"ఆగు" అంది చెల్లెలు. లోపలికి వెళ్లి ఒక స్టీలు చెంబు తెచ్చింది. దాన్ని నింపి, మీద గ్లాసు బోర్లించి, అక్క చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు అక్క ముఖం చూడలేదు, మోటారు చప్పుడు వస్తున్న పొలం వైపు చూసింది.

"ఇది బావకి. పొద్దుట్నుంచీ ఆ వాసనలోనే కూకున్నాడు."